ఒకే బిళ్ళ, రెండు అమెరికాలు: హెచ్‌ఐవీ మందులపై ఒక కేస్ స్టడీ

సంక్రాంతికి తెనాలిలో మా అక్క వాళ్ళింట్లో అరిసెల పళ్ళెం చుట్టూ చేరితే ఏటా ఒకటే వాదన: అమెరికా, దాని పెట్టుబడి లోకానికి మేలు చేశాయా, కీడు చేశాయా అని. మా బావగారు పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైన లెక్చరర్. కాలేజీ రోజుల్లో పట్టుకున్న ఎర్రజెండాను ఇంకా మడతపెట్టలేదు. వాళ్ళబ్బాయి పదిహేనేళ్ళుగా డాలస్‌లో ఉంటున్నాడు. "ముందు పెట్టుబడి పోతుంది, దాని వెనకే అమెరికా సైన్యం పోతుంది. ఒక్కోసారి సైన్యమే ముందు పోతుంది. అంతకుమించి తేడా ఏం లేదు" అని ఆయన. "ఆ పెట్టుబడే లేకపోతే సగం ప్రపంచం ఇంకా లాంతరు కిందే ఉండేది నాన్నా" అని వాడు. కాసేపటికి ఇద్దరూ నావైపు తిరుగుతారు. నేను హైదరాబాద్ శివార్లలోని మందుల కంపెనీల్లో ఇరవై మూడేళ్ళు రెగ్యులేటరీ అఫైర్స్‌లో పనిచేశాను. మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏకు ఫైళ్ళు కట్టి పంపడం, వాళ్ళు అడిగిన ప్రశ్నలకు జవాబులు రాయడం నా ఉద్యోగం. అందుకని అమెరికా గుట్టు నాకేదో తెలుసని వాళ్ళ నమ్మకం.

వియత్నాం గురించి, చిలీ గురించి, ఇరాక్ గురించి నాకు తెలిసింది పేపర్లో చదివినంతే. నా బల్ల మీదుగా పోయిన కేసు మాత్రం ఒకటుంది. ఈసారి నోటితో చెప్పకుండా రాసి పెడుతున్నాను. నోటితో చెబితే సగంలోనే ఎవరో ఒకరు అడ్డం వస్తారు.

బిళ్ళ సంగతి

ఒక బిళ్ళ, అందులో మూడు మందులు: స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. హెచ్‌ఐవీతో మంచం పట్టిన మనిషి కొన్ని నెలల్లో లేచి పనికి పోయేవాడు. 2000 సంవత్సరం నాటికి ఇలా మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సకు పాశ్చాత్య కంపెనీల ధర మనిషికి ఏడాదికి 10,000 నుంచి 15,000 డాలర్లు. 2001 ఫిబ్రవరిలో ముంబైలోని సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్ అదే చికిత్సను 'సరిహద్దులు లేని డాక్టర్లు' సంస్థకు 350 డాలర్లకు, ప్రభుత్వాలకు 600 డాలర్లకు ఇస్తానన్నాడు. 350 అంటే రోజుకు ఒక డాలరు కూడా పడదు.

ఇలాంటి చవక మందుల కోసం చట్టం చేసుకున్న దేశాన్ని బెదిరించింది అమెరికా ప్రభుత్వం. ఆ తరవాత కొన్నేళ్ళకే అవే మందులు లక్షల సీసాలు కొని ఆఫ్రికాకు పంపిందీ అమెరికా ప్రభుత్వమే. ఈ రెండు పనుల మధ్య ఏం జరిగిందన్నదే ఈ కేసు.

మందు పుట్టింది ఎవరి డబ్బుతో

లాభం లేకపోతే మందే పుట్టదని మేనల్లుడి మొదటి మాట. అందులో సగం నిజం.

హెచ్‌ఐవీకి వచ్చిన మొదటి మందు ఏజెడ్‌టీ. దాన్ని 1964లో జెరోమ్ హార్విట్జ్ అనే శాస్త్రవేత్త తయారుచేశాడు. అప్పుడు వెతుకుతున్నది క్యాన్సర్‌కు మందు, ఖర్చు అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థది. క్యాన్సర్‌కు పనిచేయలేదని పక్కన పడేశారు. ఇరవై ఏళ్ళ తరవాత బరోస్ వెల్కమ్ కంపెనీ, ప్రభుత్వ శాస్త్రవేత్తలు కలిసి దాన్ని హెచ్‌ఐవీ మీద పరీక్షించారు. 1987లో అనుమతి రాగానే కంపెనీ ఏడాదికి సుమారు 8,000 డాలర్ల ధర పెట్టింది. మన బిళ్ళలోని స్టావుడిన్ కథ కూడా ఇంతే. అది హెచ్‌ఐవీ మీద పనిచేస్తుందని కనిపెట్టింది యేల్ విశ్వవిద్యాలయం లాబ్. అమ్ముకునే హక్కు బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్‌ది. 2001లో యేల్ విద్యార్థులు, 'సరిహద్దులు లేని డాక్టర్లు' కలిసి గొడవ చేశాకే ఆ కంపెనీ దక్షిణాఫ్రికాలో ఆ పేటెంటును పట్టుకు కూర్చోనని ప్రకటించింది.

ఇది విని బావగారు మీసం మెలేస్తారని తెలుసు. ఆయనకు రుచించని రెండో సగం కూడా చెప్పాలి. 1995 డిసెంబరు నుంచి 1996 మార్చి దాకా, నాలుగు నెలల్లో ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు అనే కొత్తరకం హెచ్‌ఐవీ మందులు మూడింటికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఒకటి రోష్‌ది, ఒకటి అబట్‌ది, ఒకటి మెర్క్‌ది. ఎవరు ముందు మార్కెట్లోకి దూకాలా అని ముగ్గురూ పరుగెత్తారు. మందులు కలిపి ఇచ్చే చికిత్స నిలబడింది ఆ పరుగు వల్లే. వేలమంది రోగుల మీద పరీక్షలు జరపడం, గ్రాముల్లో తయారైన దాన్ని టన్నుల్లో తీయడం యూనివర్సిటీ లాబులో అయ్యే పనులు కావు.

అదే వ్యవస్థ ఇంకోచోట కాళ్ళకు అడ్డం పడింది. స్టావుడిన్ అమ్ముకునే హక్కు బ్రిస్టల్ మయర్స్‌ది, లామివుడిన్ గ్లాక్సోది, నెవిరపిన్ బోరింగర్ ఇంగెల్‌హైమ్‌ది. రోగికి మూడూ ఒకే బిళ్ళలో కావాలి. మూడు కంపెనీల లాయర్లు ఒక గదిలో కూర్చుంటే తప్ప ఆ బిళ్ళ తయారుకాదు. గ్లాక్సో మూడు మందుల బిళ్ళ ఒకటి తెచ్చిన మాట నిజమే, ఆ మూడింటి హక్కులూ దాని దగ్గరే ఉన్నాయి కాబట్టి. వేర్వేరు కంపెనీల మందులతో రోజుకు ఒక్కటే వేసుకునే బిళ్ళ అమెరికాలో 2006లో గాని రాలేదు. దానికోసం గిలియడ్, బ్రిస్టల్ మయర్స్ ఉమ్మడి సంస్థ పెట్టుకోవలసి వచ్చింది. సిప్లా అంతకు అయిదేళ్ళ ముందే మూడు మందులు ఒక బిళ్ళలో కలిపేసింది. టెక్నాలజీ పరంగా అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మన చట్టం అడ్డు రాలేదు, అంతే.

బాలానగర్ నుంచి

1970 పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మందు అనే వస్తువు మీద పేటెంటు ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అదే మందును ఇంకో దారిలో తయారుచేస్తే తప్పులేదు. ఆ 'ఇంకో దారి' వెతకడమే హైదరాబాద్ కెమిస్టులకు వృత్తయింది.

ఆ కెమిస్టులు ఎక్కడ నేర్చుకున్నారంటే, చాలామంది బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో. 1961లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ అది. హైదరాబాద్ ప్లాంటు సోవియట్ సాయంతో కట్టారు. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికి వచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ దారిలో ఎందరో. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు వైపు పోతే పాతతరం ప్లాంట్ మేనేజర్లలో సగం మంది కథ ఐడీపీఎల్ క్వార్టర్స్‌లోనే మొదలవుతుంది. సోవియట్ డబ్బుతో నేర్చిన విద్య, ఇందిరాగాంధీ నాటి చట్టం, రెడ్లు, కమ్మలు, రాజులు పెట్టిన ప్రైవేటు పెట్టుబడి. దీన్ని ఏ వ్యవస్థ ఖాతాలో రాయాలో బావగారూ మేనల్లుడూ తేల్చుకోవాలి. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. యీల్డ్ ఎంత, సాల్వెంట్ ఎంత తిరిగొచ్చింది, కిలోకు ఖర్చెంత, ఇవే మాటలు.

హెచ్‌ఐవీ బిళ్ళ ధర పడిపోవడం వెనక రహస్యం కూడా అదే. ఈ మందుల ధరలో సింహభాగం బల్క్ డ్రగ్, అంటే బిళ్ళలో పడే అసలు మందు పొడి ఖర్చు. బిళ్ళ కొట్టడం, సీసాలో పోయడం చిల్లర. సిప్లా 350 అన్నాక హైదరాబాద్‌లో అరబిందో, హెటిరో, మ్యాట్రిక్స్ బల్క్ ఖర్చు మీద పడ్డాయి. రియాక్షన్‌లో ఒక స్టెప్పు తగ్గిస్తే కిలోకు ఎంత మిగులుతుందో లెక్కలు వేశాయి. 2003 అక్టోబరులో క్లింటన్ ఫౌండేషన్ కొనుగోలుదారుల తరఫున బేరం కుదిర్చేటప్పటికి ధర 140 డాలర్ల లోపుకు దిగింది. ఇక్కడ ధర దించింది దానం కాదు, పోటీ. బావగారు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

మొదటి అమెరికా

1997లో నెల్సన్ మండేలా ప్రభుత్వం మందుల చట్టాన్ని సవరించింది. చవగ్గా దొరికే దేశం నుంచి మందులు తెచ్చుకోవడానికి వీలు కల్పించుకుంది. 1998లో మందుల కంపెనీలు ఆ చట్టం మీద ప్రిటోరియా కోర్టుకెక్కాయి. కేసు విచారణకు వచ్చేనాటికి అవి 39. అదే ఏడాది అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం దక్షిణాఫ్రికాను 'స్పెషల్ 301' నిఘా జాబితాలోకి ఎక్కించింది. తమ పేటెంట్లను సరిగా కాపాడటం లేదని అమెరికా అనుకునే దేశాల జాబితా అది. ఇండియాకు ఆ జాబితా కొత్తేం కాదు, ఏళ్ళ తరబడి దాని పై వరసలోనే ఉంది. ఆ జాబితాలో పేరు ఎక్కితే రేపే ఆంక్షలు రావు. పోలీసు పటేలు వాకిట్లోకి వచ్చి ఊరికే కూర్చుని పోయినట్టు ఉంటుంది. ఎందుకొచ్చాడో ఇంట్లో అందరికీ తెలుసు.

దక్షిణాఫ్రికాతో మాట్లాడే కమిషన్‌కు అమెరికా వైపు నుంచి అధ్యక్షత వహించింది అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్. 1999 జూన్‌లో ఆయన అధ్యక్ష పదవికి పోటీ ప్రకటిస్తుంటే ఎయిడ్స్ ఉద్యమకారులు సభలో లేచి నిలదీశారు. వాళ్ళూ అమెరికా వాళ్ళే. ఎన్నికల వేళ ఆ రచ్చ ఎవరికీ పనికిరాదు. ఆ డిసెంబరులో దక్షిణాఫ్రికా పేరు జాబితా నుంచి తీశారు. ఎయిడ్స్ మందుల విషయంలో ఆఫ్రికా దేశాల మీద అలాంటి ఒత్తిడి పెట్టబోమని 2000 మేలో క్లింటన్ ఉత్తర్వు ఇచ్చాడు. 2001 ఏప్రిల్ 19న 39 కంపెనీలూ కేసు వెనక్కి తీసుకున్నాయి. నిజం చెప్పాలంటే అప్పటికే హమీద్ 350 అనే అంకె ప్రపంచం ముందు పడేశాడు. దాని తరవాత 10,000 డాలర్లను కోర్టులో సమర్థించుకోవడం కష్టం.

ఇక్కడ తప్పంతా అమెరికా మీదే వేస్తే కథ సులువు అవుతుంది. కంపెనీలు కేసు వదులుకున్నాక కూడా దక్షిణాఫ్రికా రోగులకు మందులు రాలేదు. మండేలా తరవాత వచ్చిన థాబో ఎంబెకీ, ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీయే కారణమా అని అనుమానాలు లేవదీస్తూ కూర్చున్నాడు. ఆ ఆలస్యం వల్ల 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు. ఆ పని వాషింగ్టన్ చేయలేదు.

ఇంకో చిన్న ముచ్చట. 2001 అక్టోబరులో అమెరికాలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు క్రిములున్న పొడి బయటపడింది. దానికి మందు సిప్రోఫ్లాక్సాసిన్, పేటెంటు బేయర్‌ది. ధర దించకపోతే పేటెంటును పక్కనపెట్టి వేరేవాళ్ళ దగ్గర కొంటామని ఆరోగ్య మంత్రి టామీ థాంప్సన్ హెచ్చరించాడు. బేయర్ బిళ్ళ ధరను 95 సెంట్లకు దించింది. అమెరికాలో ఆంత్రాక్స్‌తో చనిపోయింది అయిదుగురు. మరుసటి నెల దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం. ప్రజారోగ్యం కోసం పేటెంట్లను పక్కన పెట్టే హక్కు దేశాలకు ఉందన్న ప్రకటన నవంబరు 14న అక్కడ ఆమోదం పొందింది. ఆంత్రాక్స్ ఉదంతం తరవాత ఆ సభలో అమెరికా ప్రతినిధులు గొంతు పెంచలేకపోయారు.

రెండో అమెరికా

2003 జనవరి 28న జార్జ్ బుష్ కాంగ్రెస్ ముందు ప్రసంగిస్తూ ఎయిడ్స్ మీద అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామన్నాడు. ఆ పథకమే పెప్‌ఫార్. అదే ప్రసంగంలో ఇరాక్ మీద యుద్ధానికి రంగం సిద్ధం చేశాడు. బావగారికి ఆ రాత్రి గురించి గుర్తున్నది ఇరాక్. ఉగాండాలో ఒక నర్సునడిగితే గుర్తున్నది ఇంకొకటి. రెండూ ఒకే నోట వచ్చిన మాటలు.

ఆ ప్రసంగంలో ఇంకో సంగతుంది. మందుల ధర ఏడాదికి 12,000 డాలర్ల నుంచి 300 లోపుకు పడిపోయిందని, అందుకే ఈ పని ఇప్పుడు సాధ్యమని బుష్ అన్నాడు. 300 అంటే మన ధర. ఇండియా జెనరిక్ ధర. అంటే ఆ పథకానికి పునాది లెక్కే మనవాళ్ళ లెక్క. డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాక మాత్రం మొదట్లో మన బిళ్ళను కొనబోమన్నారు. పథకానికి మొదటి సారథి రాండల్ టోబయాస్, అంతకుముందు ఎలై లిల్లీ అనే మందుల కంపెనీకి అధిపతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలించి సరేనన్న మందులు చాలవు, ఎఫ్‌డీఏ లాంటి గట్టి సంస్థ ఒప్పుకోవాలన్నారు. మేమప్పటికే డబ్ల్యూహెచ్‌ఓకు ఫైలు పెట్టి ఉన్నాం. ఆ ఫైలుతో పని జరుగుతుందనుకుని కూర్చోవడం మా అంచనా తప్పు.

నా బల్ల మీది పని

2004 మేలో ఎఫ్‌డీఏ ఒక దారి తెరిచింది. పెప్‌ఫార్ కోసం వచ్చే ఫైళ్ళను వేగంగా చూస్తామని, అన్నీ సరిగ్గా ఉంటే రెండు నుంచి ఆరు వారాల్లో తేల్చవచ్చని చెప్పింది. మందు నాణ్యత, భద్రత అన్నీ సరేననుకుంటే 'టెంటేటివ్ అప్రూవల్' ఇస్తారు. అమెరికాలో పేటెంటు బతికుంది కాబట్టి అక్కడ అమ్మకూడదు. అమెరికా డబ్బుతో కొని ఆఫ్రికాకు పంపవచ్చు. మొదటిసారి ఈ సంగతి ఇంట్లో చెబితే మా అత్తగారు, "సంబంధం ఖాయమే, ముహూర్తం మాత్రం పెట్టరన్నమాట" అన్నారు. ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఏ ట్రైనింగులోనూ వినలేదు.

రెండు వారాల మాట మా విషయంలో నిజం కాలేదు. బయోఈక్వివలెన్స్ కోసం, అంటే ఒంట్లోకి రెండూ ఒకేలా ఎక్కుతాయని తేల్చడానికి, మా బిళ్ళను అమెరికా బ్రాండుతో పోల్చి చూపించాలి. అక్కడ మూడు మందులు మూడు సీసాల్లో, మూడు కంపెనీల నుంచి వస్తాయి. మూడూ అమెరికాలో కొనిపించి తెప్పించాం. బిల్లు చూసి మా పర్చేజ్ ఆఫీసర్ సున్నా ఏమైనా ఎక్కువ పడిందా అని రెండుసార్లు ఫోన్ చేశాడు. వాలంటీర్లు ఒక విడతలో ఆ మూడూ కలిపి మింగాలి, ఇంకో విడతలో మా ఒక్క బిళ్ళ మింగాలి. రక్తంలో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి.

అది గట్టెక్కింది గాని నెవిరపిన్ దగ్గర బోల్తాపడ్డాం. నీళ్ళలో సరిగా కరగని మందు అది. కణం సైజు కాస్త పెరిగినా కరిగే వేగం పడిపోతుంది. బల్క్ యూనిట్ నుంచి వచ్చిన ఒక లాటులో అదే జరిగింది. డిసల్యూషన్ ఫెయిల్. గ్రైండింగ్ మార్చి, కొత్త బ్యాచులు తీసి, స్టెబిలిటీ, అంటే మందు చెడకుండా నిలవ ఉంటుందా అన్న పరీక్ష, మళ్ళీ మొదటి నుంచి పెట్టాం. ఆర్నెల్లు పోయాయి. పైగా అమెరికా పద్ధతిలో స్టెబిలిటీ అంటే 25 డిగ్రీలు, 60 శాతం తేమ. ఈ బిళ్ళ పోయేది తేమ 75 శాతం, వేడి 30 డిగ్రీలు ఉండే ఊళ్ళకు. రెండు చాంబర్లలోనూ పెట్టి రెండు డేటాలూ పంపాం. నెవిరపిన్‌ను మొదటి రెండు వారాలు రోజుకు ఒక్కసారే ఇవ్వాలి, లేకపోతే ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు లేవవచ్చు. మూడు మందుల బిళ్ళతో ఆ పని కుదరదు కదా. మొదటి పద్నాలుగు రోజులకు విడిగా ప్యాకింగ్ ఎలా చేయాలి, చదువురాని మనిషికి లేబుల్ మీద అది ఎలా చెప్పాలి అన్న దాని మీద ఎఫ్‌డీఏ రివ్యూయర్‌తో మాకు నడిచినన్ని ఉత్తరాలు కెమిస్ట్రీ మీద కూడా నడవలేదు. ఆవిడ పట్టుదల మొదట్లో విసుగనిపించింది. బొమ్మ మార్చమని మూడోసారి తిప్పి పంపినప్పుడు అర్థమైంది, మాలో ఎవరికంటే ఎక్కువగా ఆ రోగిని ఊహించుకుంటున్నది ఆవిడేనని. ఆవిడా అమెరికా ప్రభుత్వమే.

ఉత్తరం వచ్చిన రోజు క్యాంటీన్‌లో మైసూర్ పాక్ పంచారు.

మా కంపెనీ ఇదంతా దయతో చేయలేదు. పెప్‌ఫార్ టెండర్లలో మార్జిన్ బియ్యం వ్యాపారంలా పలచన, బస్తాల లెక్కన అమ్మితేనే గిట్టుబాటు. కానీ ఆ ఫైలు కోసం ప్లాంటును ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్‌కు సిద్ధం చేశాం, ఫోర్ ఎయిటీ త్రీ అబ్జర్వేషన్లకు, అంటే ఇన్‌స్పెక్టర్లు రాసిచ్చే లోపాల జాబితాకు, జవాబులు రాయడం నేర్చుకున్నాం. అదే ప్లాంటు తరవాత అమెరికా మార్కెట్‌కు బీపీ బిళ్ళలు, షుగర్ బిళ్ళలు చేసింది. మేనల్లుడి ఇంటి పక్క ఫార్మసీలో ఈ రోజు దొరికే జెనరిక్ వెనక ఆ ఆఫ్రికా ఫైలు ఉంది.

ఫలితం అంకెల్లో: పెప్‌ఫార్ కొన్న హెచ్‌ఐవీ మందుల ప్యాకెట్లలో జెనరిక్‌ల వాటా 2005లో సుమారు 15 శాతం, 2008కి 89 శాతం. 2017లో టీఎల్‌డీ అనే మెరుగైన బిళ్ళ ఏడాదికి 75 డాలర్లకు వచ్చింది, ఇస్తామన్నవి అరబిందో, మైలాన్. మైలాన్ అంటే అంతకుముందు మన మ్యాట్రిక్స్‌ను కొన్నదే. 2023లో ఆ ధర 45 లోపుకు దిగింది. పెప్‌ఫార్ ఇరవై ఏళ్ళలో పది వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి రెండున్నర కోట్ల ప్రాణాలు కాపాడిందని అమెరికా లెక్క. ఆ లెక్కలో కొంత తీసేసినా, ఒక దేశం చేసిన ఇంత పెద్ద మంచిపని ఇంకొకటి నాకు తోచడం లేదు. బావగారి ముందే చెబుతున్నాను.

లెక్కలో రాయనివి

మొదటిది, స్టావుడిన్. చవక బిళ్ళలో అది ఉండటానికి కారణం అది చవక. ఏళ్ళ తరబడి వాడితే బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం పీక్కుపోతుంది, అరికాళ్ళు మంటలు, తిమ్మిర్లు. ధనిక దేశాల డాక్టర్లు దాన్ని మానేస్తున్న రోజుల్లోనే పేద దేశాలకు మేం సీసాల కొద్దీ పంపాం. మానెయ్యమని డబ్ల్యూహెచ్‌ఓ 2009లో చెప్పింది. ఆ ముఖాలను చూసి, మందు వేసుకుంటున్నారని ఊళ్ళో వాళ్ళు గుర్తుపట్టేవారట. నేను కట్టిన ఫైలు తప్పు కాదు. కానీ ఆ సంగతి గుర్తొస్తే మైసూర్ పాక్ గొంతు దిగదు.

రెండోది, షరతులు. 2003 చట్టం ప్రకారం నివారణకు ఇచ్చే డబ్బులో మూడో వంతు పెళ్ళిదాకా బ్రహ్మచర్యం బోధించడానికి పోవాలి. 2008లో దాన్ని సడలించారు. డబ్బు తీసుకునే సంస్థ వ్యభిచారానికి వ్యతిరేకమని ప్రమాణం చేయాలన్నారు. ఎవరి మధ్య పనిచేయాలో వాళ్ళనే ఛీకొడుతూ సంతకం పెట్టాలన్నమాట. అమెరికా సంస్థల విషయంలో 2013లో వాళ్ళ సుప్రీంకోర్టే అది చెల్లదంది.

మూడోది మన గడప లోపలిది. ఆఫ్రికాకు మన బిళ్ళల గురించి 2001 నుంచే ప్రపంచం మాట్లాడుకుంటోంది. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న, అదీ ఎనిమిది ఆసుపత్రుల్లో. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. గుంటూరు, తూర్పు గోదావరి లారీ దారుల వెంట ఆ మధ్యలో ఎంతమంది పోయారో ఆ ఊళ్ళవాళ్ళకు తెలుసు.

నాలుగోది నీళ్ళు. చవక మందు చవకగా రావడానికి పటాన్‌చెరు కూడా కొంత చెల్లించింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధయ్యే చోట నుంచి వచ్చే నీటిని పరీక్షించింది. లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. అవును, ఆంత్రాక్స్ రోజుల్లో అమెరికా బేరమాడిన ఆ సిప్రోనే. హెచ్‌ఐవీ మందులకూ ఆ నీళ్ళకూ నేరుగా లంకె పెట్టను, అది వేరే మందు. ఫ్యాక్టరీల వరస మాత్రం అదే. కిలోకు ఖర్చు తగ్గించే లెక్కలో ఆ పక్కన పారే నక్కవాగుకు కాలమ్ లేదు.

మరి అమెరికా మంచిదా, చెడ్డదా

ఈ కేసులో వాణిజ్య ప్రతినిధి కార్యాలయం అమెరికాయే, పెప్‌ఫార్ ఆఫీసు అమెరికాయే, గోర్ సభలో అరిచినవాళ్ళు, లేబుల్ మీద బొమ్మ మార్పించిన రివ్యూయర్ కూడా అమెరికాయే. 1998లో మొదటివాళ్ళు ఒంటరిగా ఉన్నారు, అప్పుడు నష్టమే జరిగింది. 2004 తరవాత మేలు జరగడానికి ఆ దేశపు మనసు మారిందనుకోను. బయట ఒక దేశంలో, వాళ్ళ పేటెంటు చెల్లని చోట, మందును నిజంగా తయారుచేయగలిగిన ఫ్యాక్టరీలు ఉన్నాయి. అవి లేకపోతే బుష్ 1,500 కోట్లతో బ్రాండు మందులే కొనవలసి వచ్చేది. 12,000 డాలర్ల లెక్కన అయిదేళ్ళకు ఎంతమందికి సరిపోతుందో ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు, ఖర్చు మొత్తం మందులకే పెట్టినా సరే. రెండున్నర లక్షల మంది. ఆయన చెప్పిన లక్ష్యం 20 లక్షలు.

ఆ ఫ్యాక్టరీల మెడ మీదికి కత్తి వచ్చింది 2005 జనవరి 1న. ప్రపంచ వాణిజ్య ఒప్పందం ప్రకారం మనం మందులకు వస్తువు పేటెంట్లు ఇవ్వడం మొదలుపెట్టాం. అప్పుడు మన్మోహన్ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న వామపక్షాలు సవరణలు పట్టుబట్టాయి. పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగకుండా చూసే సెక్షన్ 3(డి), అప్పటికే తయారుచేస్తున్న కంపెనీలు రాయల్టీ కట్టి కొనసాగే వీలు ఆ చట్టంలో ఉన్నాయి. 2013లో నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది ఆ 3(డి)నే. బావగారి జెండా చేసిన పనుల్లో నా ఉద్యోగాన్ని నేరుగా కాపాడినది అదొక్కటే.

ఈ సంక్రాంతి

2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపమని సంతకం పెట్టాడు. నాలుగు రోజుల్లో పనులు ఆపమని ఆదేశాలు పోయాయి. ప్రాణాధార మందులకు మినహాయింపు తరవాత వచ్చింది. ఈలోగా కొన్ని క్లినిక్కులు తలుపులు వేసేశాయి. జూలై 1 నాటికి విదేశీ సాయం పంచే యూఎస్ఎయిడ్ సంస్థ మూతపడింది. జబ్బు అదుపులో ఉంచడానికి రోజూ మింగవలసిన బిళ్ళను ఇంకొకరి బడ్జెట్ మీద ఆనించి ఇరవై ఏళ్ళు నడిపాం. ఆ పథకాన్ని మెచ్చుకున్న నేను ఈ సంగతి ముందే ఆలోచించలేదు.

అదే ఏడాది జూన్‌లో గిలియడ్ తయారుచేసిన లెనకాపవిర్ అనే సూదిమందును నివారణ కోసం ఎఫ్‌డీఏ అనుమతించింది. ఏడాదికి రెండుసార్లు వేయించుకుంటే హెచ్‌ఐవీ దాదాపు సోకదు. అప్పుడు అమెరికాలో పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. మూడేళ్ళలో పేద దేశాల్లో 20 లక్షల మంది దాకా దీన్ని ఇప్పించడంలో చేయి కలుపుతామని సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆ నెలలోనే, 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామన్న కబురొచ్చింది. ఇస్తామన్నవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాదువే. ఈసారి ఎవరూ పేటెంటును దాటలేదు. 120 దేశాలకు అమ్ముకోవచ్చని గిలియడే లైసెన్సు రాసిచ్చింది.

ఆ వార్తను ఒకే రోజు ఇద్దరూ నాకు పంపారు. మేనల్లుడు "చూశావా మావయ్యా" అని రాశాడు. బావగారు 120 దేశాల జాబితా పంపి, లేని పేర్లు పెన్నుతో పక్కన రాశారు: బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ. ఆ సూదిని మనుషుల మీద పరీక్షించిన దేశాల్లో ఆ నాలుగూ ఉన్నాయి.

మొన్న అరిసెల దగ్గర ఆయన ఆ కాగితమే మళ్ళీ తీశారు. "ఇంతకీ నలభై డాలర్ల సూది బ్రెజిల్ వాడికి అమ్మొచ్చా అయ్యా, మీ హైదరాబాద్ వాళ్ళు?"

"లైసెన్సు ప్రకారం కుదరదు బావగారూ. పేటెంటును పక్కనపెడుతూ బ్రెజిల్ ప్రభుత్వం సొంతంగా లైసెన్సు ఇచ్చుకుంటే అప్పుడు దారి ఉంటుంది."

"ఇస్తే?"

"301 జాబితా ఇంకా ఉంది" అన్నాను. మేనల్లుడు ఫోన్ పక్కన పెట్టి, ఆ జాబితా ఏమిటో మొదటి నుంచి చెప్పమన్నాడు.